నీళ్ళు విదిలించిన పుంజు

నేను కోళ్ళ మీద ప్రేమ కొద్దీ కువైట్‌లో కోళ్ళు పెంచానని మా వాళ్ళలో ఒక కథ స్థిరపడిపోయింది. మా ఆయన అయితే ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ దాన్ని టీతో పాటు అందిస్తాడు. "ఊరు గుర్తొచ్చి ఏడుస్తా ఉంటే చూడల్యాక నేనే కోళ్ళు తెచ్చిచ్చినా. వాటిని కన్నబిడ్డల మాదిరి సాకింది. ఒక పుంజును కోయనీకుండా ఇంటామెతో కొట్లాడింది" అంటాడు. ఇందులో కొట్లాట ఒక్కటే నిజం. నేను ఏడవలేదు. ఆయన తేలేదు. కోళ్ళంటే ప్రేమ అని చెప్పేవాళ్ళు ఎవరూ వాటి గూడు కడిగి ఉండరు.

నేను కడిగాను. రాయచోటిలో మా అమ్మకు పెరటి నిండా కోళ్ళుండేవి. పొద్దున్నే గూడు తలుపు తీయడం, రెట్ట ఎత్తడం, పొద్దుగూకితే వాటిని లెక్కపెట్టి మూయడం నా పని. గద్ద తన్నుకుపోయినా, పిల్లి ఎత్తుకుపోయినా తప్పు నాదే. గద్దను ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కాలేజీలో చేరడానికి కడప బస్సెక్కిన రోజు, ఇక జన్మలో కోడి మొహం చూడనని అమ్మతో చెప్పాను. "కూరలో కూడా చూడవా?" అంది అమ్మ. కూరలో మొహం ఉండదన్నాను. అర్థశాస్త్రంలో బి.ఏ. పట్టా చేతికొచ్చాక ఆ శపథం ఇంకా గట్టిపడింది.

డెబ్బైల చివర మా ఆయనకు కువైట్‌లో ఒక గిడ్డంగిలో ఉద్యోగం దొరికితే ఫర్వానియాలో కాపురం పెట్టాం. నేను మన దేశం పిల్లలు చదివే ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడ మా వాళ్ళందరూ ఒక్కో ఫ్లాటును రెండు మూడు కుటుంబాలు పంచుకుని ఉండేవాళ్ళు. నా నోటితో నేను ఎవరితోనూ వంటగది పంచుకోలేనని మా ఆయన ముందే గ్రహించి, ఒక పాత అరబ్బు ఇంటి వెనక రెండు గదులు చూశాడు. ముందు భాగంలో ఇంటామె ఉండేది. మధ్యలో ఎత్తు గోడల వాకిలి, వాకిట్లో ఒక రేగుచెట్టు, ఒక మూల రేకుల కోళ్ళ గూడు. ఆ గూడు చూసి నేను మొహం తిప్పుకున్నాను.

ఇంటామె భర్త పోయిన ముసలామె. కొడుకులు వేరే ఇళ్ళలో ఉండేవాళ్ళు. ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. రాయచోటిలో మా పక్కింటి ముస్లింల పిల్లలు పిన్నిని అలాగే పిలిచేవాళ్ళు కాబట్టి అది నాకు కొత్త మాట కాదు. ఖాలా ఏటా చలికాలంలో శుక్రవారం సంతకు పోయి కోళ్ళు కొనుక్కొచ్చేది. ఎండలు ముదిరేసరికి అన్నీ చచ్చేవి. దిష్టి తగిలిందనేది. వెనక గదుల వైపు చూస్తూ అనేది.

మొదటి వేసవి నోరు మూసుకుని ఊరుకున్నాను. రెండో వేసవి నా వల్ల కాలేదు. "ఖాలా, రేకుల కప్పు, పడమటి ఎండ, ఇనప గిన్నెలో నీళ్ళు. ఇది గూడు కాదు, పొయ్యి. దిష్టికి ఇందులో పనేమీ మిగల్లేదు" అన్నాను. నా అరబ్బీ అప్పటికి అంతంతమాత్రమే, కానీ పొయ్యి అన్న మాట వచ్చు. ఆమె సావధానంగా విని, "అంత తెలిసినదానివి నువ్వే పెంచు. గుడ్లు చెరి సగం" అని లోపలికి పోయింది.

వాదనలో నేనే గెలిచాను. అందుకే మళ్ళీ కోళ్ళు పెంచాల్సి వచ్చింది. మా ఆయన చెప్పే కథలో ఈ భాగం ఉండదు.

రేకులు పీకించి, గిడ్డంగిలో పారేసే చెక్కపెట్టెల పలకలతో రేగుచెట్టు కింద కొత్త గూడు కట్టించాను. కప్పు మీద గోనెపట్టలు పరిచి తడిపేదాన్ని. మట్టితొట్టిని అంచుదాకా ఇసుకలో పూడ్చి నీళ్ళు పోసేదాన్ని. ఎండ మరీ మండే మధ్యాహ్నాల్లో మగ్గుతో కోళ్ళ మీదే నీళ్ళు చల్లేదాన్ని. ఆ వేసవి ఒకటీ అరా తప్ప అన్నీ బతికాయి. ఖాలా దానికి నన్ను మెచ్చుకోలేదు. ఈసారి దిష్టి తగల్లేదంది.

ఆ మందలో లేని జాతి లేదు. తెల్ల ఫారం పెట్టలు గుడ్డు పెట్టేసి, డ్యూటీ అయిపోయినట్లు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవి. పొదగడమన్న ఆలోచనే వాటికి రాదు. నేల గీరి పురుగును వెతుక్కోవడం కూడా నేనే నేర్పాల్సి వచ్చింది, మునివేళ్ళతో గీరి చూపించి. చుక్కల ఈజిప్టు కోళ్ళు గూట్లో తప్ప అన్నిచోట్లా గుడ్లు పెట్టేవి. గోధుమరంగు అరబ్బు పెట్టలు మన నాటుకోళ్ళ లాంటివే, ఇల్లు చక్కబెట్టుకునే రకం. ఒక గిన్నికోళ్ళ జంట ఎవరు వచ్చినా, ఎవరూ రాకపోయినా అరిచేది. కొత్త కోడిని తెస్తే మా అమ్మ గంప కింద మూసినట్లు, నేను కూరగాయల ప్లాస్టిక్ పెట్టె బోర్లించి కొన్నాళ్ళు దాని కింద ఉంచేదాన్ని, మిగతావి చుట్టూ తిరిగి చూసి విసుగెత్తేదాకా. ఆ తర్వాత వదిలితే పొడవవు, లేదా తక్కువ పొడుస్తాయి. మొత్తానికి అది ఫర్వానియాలో గది పంచుకున్నట్లే ఉండేది. ఎవరి మూల వాళ్ళది, ఎవరి భాష వాళ్ళది. నీళ్ళ దగ్గర మాత్రం అందరికీ తగాదా.

ఒక చలికాలం చివర్లో అరబ్బు పెట్ట ఒకటి పొదుగుకు కూర్చుంటే దాని కింద ఈజిప్టు గుడ్లు పెట్టాను. ఆ పిల్లల్లోదే మా ఆయన చెప్పే పుంజు. ఎర్రటి ఒళ్ళు, మెడ చుట్టూ తెల్ల చుక్కలు, ఎవరి జాతో తేల్చుకోలేని నడక.

ఖాలా ఇంట్లో పనిచేసే అమ్మాయి మా రాయచోటి పక్క పల్లె మనిషి. ఖాలాను, అరబ్బు ఇళ్ళలో పనివాళ్ళు యజమానురాలిని పిలిచినట్లు, మామా అనేది, నన్ను అక్కా అనేది. ఏడాది నిండని కూతుర్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక, మిగిలిన అన్నమూ ఎండిన కుబ్బూస్ రొట్టెలూ కోళ్ళకని పళ్ళెంలో తెచ్చేది. అవి తినేదాకా రేగుచెట్టు కింద నిలబడి నాతో నాలుగు మాటలు మాట్లాడేది. ఆ కాసేపే ఆమె తెలుగు మాట్లాడేది. అందుకని నేను కూడా మామూలుకంటే తక్కువ మాట్లాడి ఆమెకు చోటిచ్చేదాన్ని. ఇది కూడా మా ఆయన నమ్మడు.

ఒక జూన్ మధ్యాహ్నం నేను కోళ్ళ మీద నీళ్ళు చల్లుతున్నాను. ఆమె పళ్ళెంతో వచ్చి వెనక నిలబడింది. అప్పుడే జుట్టు ఎర్రబడుతున్న ఆ పుంజు తల మీద మగ్గుడు నీళ్ళు పడ్డాయి. అది ఒక్క క్షణం ఆగి, తల నుంచి తోకదాకా ఒళ్ళంతా గట్టిగా విదిలించింది. వెనక పళ్ళెం కింద పడింది.

"ఒప్పుకునిందక్కా!" అంది ఆమె. చేతులు జోడించి ఉంది.

"ఎవరు?"

"గంగమ్మ! ఈపొద్దు తెల్లారి మొక్కుకున్న్యా. ఆయమ్మకు పుంజునిస్తానని. ఇదే ఇమ్మని చూపిచ్చాంది."

మా వైపు జాతరల్లో పద్ధతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అమ్మవారి ముందు పొట్టేలు మీదో పుంజు మీదో పసుపునీళ్ళు చల్లి ఎదురుచూస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్లు. విదిలించకపోతే ఎంతసేపైనా ఆగాల్సిందే.

"ఎండకు మాడిపోతున్నదాని నెత్తిన నీళ్ళు పోస్తే గాడిదైనా విదిలిస్తుంది. రోజూ విదిలిస్తూనే ఉన్నాయి. కావాలంటే ఈ తెల్లదాని మీద పోస్తా చూడు" అన్నాను.

"పోయొద్దక్కా! ఇంగోటి విదిలిస్తే రెండియ్యాల."

మొక్కు దేనికో అప్పుడు చెప్పింది. కూతురికి పుట్టెంట్రుకలు తీయలేదు. బేసి ఏట తీయాలి. మూడో ఏట తీస్తామని అత్త అంటే, నేనొచ్చేదాకా ఆగమని కబురు చేసింది. వెళ్ళడానికి కుదరలేదు. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. పిల్ల జుట్టు జడలు కట్టి, దువ్వెన దిగక, వీధిలో పిల్లలు నవ్వుతున్నారట. ఐదో ఏడు దాటనిచ్చేది లేదని అత్త తేల్చి చెప్పింది. సెలవు దొరికితే గంగమ్మకు పుంజు.

నాకు వాదన అలవాటు కాబట్టి అడిగాను. "కూర్చోబెట్టేది మేనమామ ఒళ్ళో కదా? కత్తి పట్టేది మంగలి. నువ్వు లేకపోయినా జరుగుతుంది."

"జరుగుతాదక్కా. అదే నా భయం" అంది.

ఆమె వంటింట్లోంచి పసుపు తెచ్చి, దారానికి పూసి పుంజు కాలికి కట్టింది. నేను దాన్ని పట్టుకున్నాను. ఎవరో ఒకరు పట్టుకోవాలి.

అమ్మవారికి వదిలిన కోడిని అమ్మకూడదు, కోయకూడదు, కసిరి కొట్టకూడదు. ఈ సంగతి పుంజుకు ఎవరు చెప్పారో తెలియదు గానీ అప్పటినుంచి దాని పద్ధతి మారిపోయింది. ముందుగా గింజలు దానికే కావాలి. గిన్నికోళ్ళను తరిమేది. వీధి దీపం వెలిగితే సూర్యుడనుకుని కూసేది. "కోస్తే ఒక శుక్రవారం గడుస్తాది" అన్నాడు మా ఆయన. "దాని కాలికి దారం ఉంది, చూసుకోవయ్యా" అన్నాను. "నాకూ మొల్లో దారముంది, నన్నెవరూ ఇట్ల చూసుకోరు" అన్నాడు.

ఆ అమ్మాయి సెలవు అడుగుతూనే ఉంది. మామా కాదనలేదు. ఎప్పుడూ కాదనేది కాదు. "బుక్రా" అనేది, రేపు అని. రంజాన్ దాటాక అంది. పెద్ద కోడలి కాన్పు అయ్యాక అంది. ఇల్లు సున్నాలు వేశాక అంది. పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది. ఎండలు తగ్గాయి, పుంజుకు తోక ఈకలు వంపు తిరిగాయి, పిల్లకు ఐదో ఏడు నిండడానికి రోజులు దగ్గరపడ్డాయి. ఆమె వచ్చి పుంజు కాలి దారం వదులైందేమో చూసుకుని పోయేది. నాతో మాటలు తగ్గిపోయాయి.

అప్పుడు ఖాలా చిన్నకొడుకు పైదేశంలో చదువుకుంటూ చాన్నాళ్ళకు ఇంటికి వస్తున్నాడని తెలిసింది. వాడికి ఐసుపెట్టె కోడి పెట్టనంది ఖాలా. తెల్ల ముసుగు సర్దుకుంటూ వాకిట్లోకి వచ్చి, "ఆ ఎర్ర పుంజును పట్టు" అంది నాతో.

పని అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం ఎలా ఉందో నేను రాయను. వాకిలంతా చూసే ఖాలా దాన్ని చూడలేదు, అంతే చెబుతాను.

"అది పనికిరాదు ఖాలా. గట్టి మాంసం."

"పిల్ల పుంజు. గట్టిదెలా అవుతుంది?"

"బాగా పరిగెత్తుతుంది. తెల్ల పెట్టలు మెత్తగా ఉంటాయి. రెండు పట్టిస్తా."

"మూడేళ్ళ తర్వాత వచ్చే కొడుక్కు ముసలి పెట్టలు పెట్టనా? నువ్వు మీ అత్తకు పెట్టుకో."

"మా అత్త పెట్టినా తినదు, నేను వండింది."

"యల్లా, పట్టు!"

గంగమ్మ పేరెత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. పుంజు బతికిపోతుంది, ఇంకో దేవుడికి వదిలినదాన్ని ఆమె ముట్టదు. కానీ తన ఇంట్లో ఆ మొక్కు మొక్కిన మనిషి గతేమిటి? ఆ అమ్మాయికి నోరు లేదు. అప్పుడు రాయచోటి పక్కింటి వాళ్ళు దర్గాకు పోయేటప్పుడు అనే మాట నాలుక మీదికొచ్చింది.

"అది నజర్ కోడి ఖాలా. మొక్కుకున్నది."

ఖాలా ఆగింది. మొక్కుకు ఆ మాట అరబ్బీలోనూ ఉంది. "ఎవరు మొక్కారు?"

గుమ్మం వైపు చూపించాను.

"దేనికోసం?"

"కూతురి దగ్గరికి పోవడం కోసం."

"ఎవరికి మొక్కింది?"

"పంపించేవాళ్ళకు" అన్నాను.

అబద్ధం కాదు. ఆ ఇంట్లో పాస్‌పోర్టు బీరువా తాళాలు ఎవరి నడుముకున్నాయో అందరికీ తెలుసు. ఖాలా రేగుచెట్టు కింద బల్ల మీద కూర్చుంది. పుంజు ఆమె చెప్పుల దగ్గరికి వచ్చి ఏమైనా పెడుతుందేమోనని చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింది. మీరు బుక్రా అన్నారు. నేను విన్నాను."

"నువ్వు అన్నీ వింటావు."

"గోడ పల్చన ఖాలా. మీరే కట్టించారు."

ఆమె పని అమ్మాయిని దగ్గరికి పిలిచి పిల్లకు ఎన్నేళ్ళంది. అమ్మాయి ఐదు వేళ్ళూ చూపించింది. జుట్టు సంగతి నేను చెప్పాను. "పుట్టిన ఏడో రోజున తీసేయాల్సిన జుట్టు ఐదేళ్ళు ఉంచుతారా? మీకు బుద్ధి ఉందా?" అని ఖాలా మా ఇద్దర్నీ, మా దేశాన్నీ కలిపి తిట్టింది. చివర్లో లేస్తూ, "మొక్కుకూ మనిషికీ మధ్య నేను నిలబడను. ఖలాస్. పోయి రమ్మను. తిరిగి రమ్మను" అంది. కొడుక్కు రెండు తెల్ల పెట్టలను కోయించింది. వాడు తిని, ఐసుపెట్టె కోడే మెత్తగా ఉంటుందన్నాడట.

ప్రయాణానికి ముందు ఆ అమ్మాయి పుంజును తీసుకుపోతానంది. "బుట్టలో పెట్టి పైన గుడ్డ కప్పుకుంటానక్కా. పలకదు."

"వీధి దీపానికే కూస్తుంది. విమానంలో ఎన్ని దీపాలుంటాయో చూశావా?"

"మరి ఆయమ్మకేం చెప్పేది?"

"ఊళ్ళో ఇంకోటి కొనివ్వు. పుంజుకు పుంజు. ఒకటి బదులు ఇంకొకటి సరిపోతుందని మా చదువులో ఉంది."

"మీ సదువు రాసినోళ్ళకు గంగమ్మ తెలుసునా అక్కా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. వెళ్ళేటప్పుడు మాత్రం పుంజు కాలికి కొత్త దారం కట్టి, "ఇది నీది గాదు, గుర్తు పెట్టుకోక్కా" అని చెప్పి పోయింది.

రెండు నెలల సెలవు అయిపోయింది. ఆమె రాలేదు. ఖాలా ప్రతి వారం గూటి దగ్గరికి వచ్చి గుడ్లలో తన సగం తీసుకుంటూ, "వస్తుందా?" అనేది. నన్నడిగితే నేను పుంజును చూసేదాన్ని. కొన్నాళ్ళకు సిలోన్ అమ్మాయి ఒకామె పనికి కుదిరింది. కోళ్ళంటే ఆమెకు భయం. పళ్ళెం దూరంగా పెట్టి పారిపోయేది.

ఆ తర్వాత మంగఫ్‌లో కంపెనీ బస్సు నడిపే డ్రైవరొకడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ అమ్మాయి ఊరి మనిషి, సెలవు మీద పోయి అప్పుడే తిరిగొచ్చాడు. పుట్టెంట్రుకలు తీసిన రోజు గంగమ్మ గుడి దగ్గరే ఉన్నాడట. నేను కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. అతను కోడి గురించి మొదలుపెట్టాడు.

"మంచి పుంజును తెచ్చినారు టీచరమ్మా. పసుపునీళ్ళు చల్లితే కదల్లా. చెంబుడు పోసినారు, కదల్లా. బిందె తెచ్చి పోసినారు. బొమ్మ మాదిరి నిలబడుకోనుండాది. పెద్దోళ్ళకు అనుమానమొచ్చి, 'యాడన్నా ముందే ఇచ్చుకున్న్యావా మే?' అని అడిగితే, 'కువైట్‌లో ఒకటి ఒప్పుకునింది' అని ఆయమ్మ చెప్పింది. 'ఓరి, అయితే గంగమ్మ సొత్తు ఆడుండాది, దీన్నెట్ల తీసుకుంటాది?' అని ఇడిసిపెట్టేసినారు."

"చలికాలం అది. ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది" అన్నాను.

"ఏమో టీచరమ్మా. ఊరంతా అదే మాట. గంగమ్మే కువైట్‌కు పోయి ఆయమ్మను పిలుచుకొచ్చిందని."

ఇదీ నాకు దక్కిన మర్యాద. ఖాలాతో వాదించింది నేను. పుంజు పని విదిలించడం వరకే. అయినా పేరు మాత్రం గంగమ్మకూ పుంజుకూ పోయింది. పైగా ఊరి పెద్దల తీర్పు ప్రకారం గంగమ్మ సొత్తు ఒకటి, ఇఖామా అనే నివాస అనుమతి కూడా లేకుండా, ఫర్వానియాలో నా ఖర్చు మీద బతుకుతోంది. దాన్ని కోయడానికి లేదు, ఇవ్వడానికి లేదు. ఇల్లు మారినా వెంటపెట్టుకుని పోవాలి. ఇప్పుడది ముసలిదైంది. కూత బొంగురుపోయింది. వీధి దీపం మీద నమ్మకం మాత్రం పోలేదు. దాన్ని కాపాడుతున్నానని మా ఆయన చెప్పేది ఈ సంగతే.

ఆ అమ్మాయి ఇక రాదట. ఆ మాట డ్రైవరు లేచేటప్పుడు చెప్పాడు. పాప బాగుందన్నాడు.

"గుండు గీసేటప్పుడు ఏడ్చిందా?"

"ఏడవకుండా ఉంటారా టీచరమ్మా పిల్లోళ్ళు? గుడంతా ఇనపడింది."

"ఎవర్ని పిలిచి ఏడ్చింది?"

"అదెవరు చూసినారు టీచరమ్మా? మేమందరం కోడికాడుంటిమి."

అప్పటినుంచీ ఆ వైపు నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడుగుతున్నాను. కోడి కథ అందరికీ తెలుసు. బిందె తెచ్చింది ఎవరో కూడా చెబుతారు. నేనడిగేది అది కాదు. ఏడాది కూడా నిండకముందే తల్లి వదిలి వచ్చిన పిల్ల, మేనమామ ఒళ్ళో కూర్చుని, చల్లటి కత్తి నెత్తికి తగిలినప్పుడు, ఎదురుగా సాకినదీ కన్నదీ ఇద్దరూ నిలబడి ఉండగా, పిలిచింది అవ్వనా, అమ్మనా?